గెన్‌జో వేలి గుంటలు

గోనెపట్టా పక్కకు లాగి చూసినప్పుడు ఇసోకు ముందు ఎలుక పని అనిపించింది. మొన్న పోసిన నాచురసం చెక్కపెట్టెలో గడ్డపెరుగులా గట్టిగా, నున్నగా పేరుకుని ఉండాలి. ఉంది కూడా. కానీ నడవ వైపు మూలన ఒక గుంట పడింది. బొటనవేలు సరిగ్గా పట్టేంత గుంట. అడుగున చెమ్చాడు నీళ్ళు. ఎలుక కొరికితే అంచులు చీలికలు చీలికలుగా ఉండాలి. ఇది మైనం మీద నొక్కినట్టు గుండ్రంగా ఉంది. పక్కపెట్టె పట్టా తీసింది. అక్కడా అదే మూలన, అలాంటిదే. ఆ పక్కదానిలోనూ.

ఇసో తన బొటనవేలు గుంటలో పెట్టి చూసింది. వేలికి కాస్త వదులైంది. తనకంటే పెద్ద చెయ్యి అనుకుంది, అనుకున్నాక చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుని రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అలా వేలు పెట్టే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆమె మామగారు గెన్‌జో. ఈ ఏటి వరికోతల రోజుల్లో ఈ పాకలోనే, పొయ్యిగుంట పక్కన కూలబడి ప్రాణం వదిలాడు. సువా లోయలో కాంటెన్, అంటే నాచురసం పేరబెట్టి ఎండబెట్టే సరుకు, వండే పాకలన్నిటిలో ఆయన బొటనవేలికి పేరుంది. పొద్దున్నే నడవ వెంట నడుచుకుంటూ పోయి ప్రతి పెట్టె మూలనా వేలు ఒకసారి నొక్కేవాడు. ముద్ద బాగా పేరుకుంటే వేలు తీయగానే అచ్చు లేకుండా పైకి లేస్తుంది. అచ్చు నిలిచిపోయిందంటే వంట చెడినట్టే. అప్పుడు ఆయన ఏమీ అనేవాడు కాదు. ఆ పెట్టెను కాలితో కొంచెం పక్కకు జరిపేవాడు, అంతే. వండినవాడు తల వంచుకుని దాన్ని మోసుకుపోయి చేల్లో పారబోసేవాడు.

అందుకే ఆ గుంటల్లో ఇసో చూసింది వట్టి గుంటల్ని కాదు. తన వంట మీద ఆయన చెప్పిన తీర్పును చూసింది.

ఇసోది ఈ కొండల ఊరు కాదు. ఇజు తీరాన ఒక రేవులో, మునిగి నాచు కోసే ఆడవాళ్ళ ఇంట పుట్టింది. ఆ నాచు కొనడానికి ఏటా వచ్చే గెన్‌జోయే ఆమెను తన కొడుక్కి అడిగాడు. కొడుకు యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. పుట్టింటివాళ్ళు వచ్చెయ్యమన్నారు. ఇసో వెళ్ళలేదు. ఏడుస్తూ కూర్చునే ఇంట్లోకంటే మండే పొయ్యి దగ్గర బాగుంటుందని పాకలోకి వచ్చి నిలబడితే గెన్‌జో పొమ్మనలేదు. నాచు ఎన్ని నీళ్ళలో కడగాలో, రసం ఏ రంగుకు తిరిగితే మంట తీయాలో నోటితో ఎప్పుడూ చెప్పలేదు. పక్కన నిలబడనిచ్చాడు. ఏళ్ళ తరబడి అలా నిలబడే ఆమె నేర్చుకుంది. ఆయన పోయాక, ఈ పాకలో మొదటిసారి ఒక ఆడమనిషి తెడ్డు పట్టుకుంది. లోయలో మిగతా పాకలవాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వారు గాని, పనివాళ్ళు భయపడ్డారు. మనిషి చచ్చిన పొయ్యి అది.

ఆ భయం తీర్చడానికే ఇసో పుట్టింటి నుంచి సముద్రం తెచ్చింది. ఈ కొండల్లో మైల పోవాలంటే ఉప్పు చల్లుకుంటారు. ఆమె పుట్టిన రేవులో ఉప్పుతో సరిపెట్టరు, తెల్లారకముందు తోడిన సముద్రపు నీళ్ళే చల్లుతారు. ఉప్పు సముద్రానికి బిడ్డ, తల్లి ఉండగా బిడ్డతో పనేమిటని ఇసో అమ్మ అనేది. నాచు మూటలకోసం వెళ్ళిన ఇసో ఒక చిన్న పీపా నిండా ఆ నీళ్ళు పట్టి, మూతకు మైనం వేసి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. వంట మొదలుపెట్టే రోజు అందరూ చూస్తుండగా గడప మీదా పొయ్యి మీదా చల్లింది. పనివాళ్ళు చేతులు జోడించారు. కుమాకిచి బాబాయ్, అందరికంటే పాతకాపు, ఒక చుక్క నాలికకు రాసుకుని, ఇంత ఉప్పగా ఉంటే చచ్చినవాడు దాహంతోనైనా పారిపోతాడని అన్నాడు. అందరూ నవ్వారు. పని మొదలైంది.

అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. కానీ ఆ ఏడు చలి రాలేదు. దక్షిణపు గాలి వదలలేదు, సరస్సు మీద రేకంత మంచు కూడా కట్టలేదు. పేరుకున్న ముద్దను కడ్డీలుగా కోసి చేలల్లో గడ్డి మీద పరిస్తే రాత్రి గడ్డకట్టాలి, పగలు కరిగి కారాలి, అలా కొన్నాళ్ళకు తేలికై ఆరిపోవాలి. గడ్డకట్టని రాత్రుల్లో పరిస్తే అది బురదవుతుంది. అందుకని పెట్టెలన్నీ పాకలోనే, పొయ్యి వెచ్చదనంలో, చలికోసం కాచుకుని ఉండిపోయాయి. ఎదురుచూడటం ఇసోకు చేతకాదు. సాయంత్రం పనివాళ్ళు ఇళ్ళకు వెళ్ళాక పూజకు వాడే సకాకి కొమ్మ ఒకటి పీపాలో ముంచి, నడవ వెంట పోతూ ఒక్కో పెట్టె మూలన తాకించడం మొదలుపెట్టింది. "మామయ్యా, చల్లగా చూడండి" అనుకునేది. అది ఎవరికీ చెప్పలేదు. వంటమనిషి భయపడుతోందని తెలిస్తే ఇక ఎవరు నిలుస్తారు?

గుంటలు కనపడ్డ ఆ ఉదయం ఆమె ఆ పెట్టెల మీద పట్టాలు మళ్ళీ కప్పేసి ఊరుకుంది. దాస్తే దాగేవి కావు. మధ్యాహ్నం, రాత్రికి చలి దిగితే పరవొచ్చని కడ్డీలు కొయ్యడానికి పట్టాలు తీసిన పనిమనిషి షిగెనో ఒక పెట్టె ముందు కత్తి పట్టుకుని నిలబడిపోయింది. షిగెనోది పదునైన నోరు. ఎవరిని ఏమన్నా పెళ్ళున అనేది. ఆ రోజు గుసగుసగా మాట్లాడింది.

"అక్కా, ఇది ముసలాయన వేలు కాదూ?"

"ఎలుకేమోలే."

"ఎలుకకు అన్ని పెట్టెల్లోనూ ఒకే మూల ఎందుకు కావాలి? ఆయన నిలబడే వైపేగా ఇది."

కుమాకిచి వచ్చి చూశాడు. బతికున్నప్పుడు ఒక్కపూట నాగా పెట్టలేదు, పోయాక మాత్రం ఎందుకు మానుకుంటాడని ఏదో తేలిగ్గా అనబోయాడు. మాట సగంలో ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. ఆ పెట్టెలు మోసుకుపోయి పారబోశారు. కాలితో జరపడానికి మనిషి లేడు కాబట్టి ఎవరికి వారే జరుపుకున్నట్టయింది.

ఆ సాయంత్రం ఇసో కొమ్మను రెండుసార్లు ముంచింది.

మర్నాటి పెట్టెల్లో గుంటలు పెరిగాయి. ఆ తర్వాత వాటిలో కొన్ని ఒకదానితో ఒకటి కలిసి, చెంచాతో తోడుకు తిన్నట్టు అయ్యాయి. వేలు అన్నవాళ్ళు ఇప్పుడు నోరు అన్నారు. నొక్కడంలేదు, తింటున్నాడన్నారు. ఆ మాట ఎవరు మొదలుపెట్టారోగాని ఇంటిదాకా పోయింది. ఇంట్లో ఇసో అత్తగారు తోమె ఉంది.

తోమె పాకలోకి ఎప్పుడూ వచ్చేది కాదు. దుప్పటి కప్పిన కొతాత్సు బల్ల కింద నిప్పుల వెచ్చదనంలో మోకాళ్ళు పెట్టుకుని, చిక్కుళ్ళు ఏరుతూనో కూరాకు ఊరవేస్తూనో ఉండేది. భర్త ఆకలిప్రేతమయ్యాడన్న మాట విన్నాక ఆమె ఏడవలేదు. తన గిన్నెలో అన్నం తీసి భర్త బొమ్మ ఉన్న గూట్లో పెట్టింది. తనకు వద్దంది. మర్నాడూ అంతే. మిసో చారు తాగేది, అన్నం మాత్రం ముట్టుకునేది కాదు. బతికినన్నాళ్ళూ ఆయనకు ఆకలేసినప్పుడు అడగలేదు, నేనే కనిపెట్టి పెట్టేదాన్ని, ఈమధ్య కనిపెట్టలేకపోతున్నానని చెప్పింది. గుడి స్వామిని పిలిపించి ఆకలిప్రేతాలకు చేసే తంతు చేయించాలంది. చేయిస్తే లోయంతా తెలుస్తుంది. నలభై ఏళ్ళు పాక నడిపిన గెన్‌జో ఆకలిప్రేతమై సొంత పెట్టెల్లో నాకుతున్నాడని పిల్లలు కూడా చెప్పుకుంటారు.

ఇసోకు ఇంకో భయం ఉంది. అది అత్తగారికి చెప్పేది కాదు. ఆయనకు ఆకలి అని ఆమె నమ్మలేదు. ఆయనకు తన వంట నచ్చలేదు. పక్కన నిలబడనిచ్చాడు గాని తెడ్డు నీదే అని ఎప్పుడూ అనలేదు. తీసుకో అనకుండానే తీసుకుంది. ఇప్పుడు వచ్చి ఒక్కో పెట్టెనూ కాదంటున్నాడు. పగలు రసం కలుపుతుంటే వెనక ఎవరో నిలబడ్డట్టు మెడ మీద వెచ్చగా తగిలేది. అది ఆవిరి అని తెలుసు. తెలిసీ తిరిగి చూసేది కాదు. మంట తీయమని చెప్పాల్సిన క్షణం దగ్గరపడితే ముందే చెప్పేసేది, లేకపోతే ఆలస్యం చేసేది. దానితో నిజంగానే ఒక వంట పలచబడింది. ఆమె భయానికి రుజువు ఆమె చేతే తయారైంది.

షిగెనో పక్కలోయ పాకకు పోతానంది. ఇద్దరు ముగ్గురు ఆమె వెంట పోయేట్టున్నారు. కుమాకిచి వాళ్ళను వారంచివరి దాకా ఆగమని బతిమాలాడు. ఎందుకు ఆగమన్నాడో ఇసోకు తర్వాత తెలిసింది. గుంటలు పడిన ముద్దను ఒక మూత ఉన్న ముంతలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా పట్నంలో పరిశోధనశాలకు పట్టుకెళ్ళాడు. దయ్యమని తేలితే స్వామి ఉన్నాడు, కాదని తేలితే బతికిపోతామని ఆయన లెక్క.

పరిశోధనశాల నుంచి వచ్చిన నిషిగాకి అనే ఆయన సన్నగా, జలుబుతో ఉన్నాడు. మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటూ పెట్టెలన్నీ చూశాడు. ఒక గుంటలోని నీళ్ళు వేలితో తీసి వాసన చూశాడు. పనివాళ్ళంతా చుట్టూ చేరారు. ఎవరూ కూర్చోలేదు. ఆయన మాత్రం ఒక బుట్ట తిరగేసి కూర్చుని, ఇలాంటిది తాను ఇంతకుముందు సముద్రపు ఒడ్డున చూశానని, కొండల్లో చూడటం ఇదే మొదలని చెప్పాడు.

ఆయన చెప్పింది ఇసోకు మాట మాటా గుర్తుండిపోయింది. ఈ ముద్దంటే చక్కెర పలుకులు చేతులు పట్టుకుని బారుగా నిలబడటమే. పలుకుకు పలుకు, గొలుసుకు గొలుసు. ఆ గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని మధ్యలో నీళ్ళను పట్టి ఉంచుతాయి, అందుకే ముద్ద నిలబడుతుంది. మనిషి కడుపు కూడా ఈ గొలుసును తెంపలేదు. కానీ సముద్రంలో నాచు మీద బతికే కంటికి కనపడని పురుగులున్నాయి. వాటికి పళ్ళు లేవు, నోరు లేదు. ఒక రసం వదులుతాయి. ఆ రసం పలుకుల చేతులు విడదీస్తుంది.

"ఒకటే రసమా అయ్యా?" అని కుమాకిచి అడిగాడు.

"ఒకటి కాదు, ఒక కుటుంబమనుకోండి. పెద్దది గొలుసును నడిమికి తెంపుతుంది. ఇంకోటి తెగిన ముక్కల్ని కొసనుంచి కొరుక్కుంటూ వస్తుంది. చిన్నదేమో చివరికి మిగిలిన జంటల్ని విడగొడుతుంది. అన్నీ కలిసి పనిచేస్తే గుంట పడుతుంది, గుంటలో నీళ్ళు మిగుల్తాయి."

"అయితే అది ముసలాయన నోరు కాదు?" షిగెనో అడిగింది.

నిషిగాకి ఆమెను వింతగా చూసి, ఎవరి నోరూ కాదమ్మా అన్నాడు. తర్వాత ముక్కు తుడుచుకుని, తనకు అర్థం కానిది ఒకటే ఉందన్నాడు. నాచుతో పాటు వచ్చిన పురుగులు వంటలో చస్తాయి. ఇవి వంటయ్యాక, ముద్ద చల్లారాక వచ్చి చేరినవి. సముద్రం ఎక్కడ, ఈ ఊరెక్కడ? చల్లారిన పెట్టె మీదికి సముద్రం ఎలా వచ్చింది?

అందరూ ఆలోచించారు. మొదటి రోజు చల్లిన నీళ్ళు ఎవరికో గుర్తొచ్చాయి. కానీ అవి గడప మీదా పొయ్యి మీదా చల్లినవి, అప్పటికి పెట్టెలే లేవు. ఎండు మూటల దుమ్మేమో అని ఒకరన్నారు. నిషిగాకి కావచ్చన్నాడు, నమ్మినట్టు లేదు.

ఇసో గోడకు ఆనుకుంది. నోరు మూసుకుంటే తప్పు ఆ దుమ్ము మీదికి పోతుంది. పీపాను చీకట్లో పారబోస్తే సరి. కానీ అప్పుడు నిషిగాకి వెళ్ళిపోయాక, గుంటలు పడటం ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియదు, ముసలాయన తిని తిని తృప్తిపడి వెళ్ళాడనే అంటారు. తోమె గూట్లో అన్నం పెడుతూనే ఉంటుంది. చెబితే, ఈ చలికాలం పాడుచేసింది తనేనని అందరి ముందూ తేలుతుంది. ఆడమనిషి పొయ్యి ముట్టిందని నవ్వినవాళ్ళకు కడుపునిండా నవ్వు. రెండిట్లో ఏది పెద్ద భయమో ఆమె తూచుకోలేకపోయింది. మాట మాత్రం బయటికి వచ్చేసింది.

"నేనే. రోజూ సాయంత్రం కొమ్మతో తాకిస్తున్నాను. ప్రతి పెట్టెకీ."

పాక మూలన గడ్డి కింద దాచిన పీపా తీసుకొచ్చి మధ్యలో పెట్టింది. సకాకి కొమ్మ దాన్లోనే ఉంది. ఆకుల మీద జిగటగా, పారదర్శకంగా ముద్ద తునకలు అంటుకుని ఉన్నాయి.

నిషిగాకి లోపలికి తొంగిచూశాడు. తిట్టలేదు. ఆ మెత్తదనమే ఆమెకు ఎక్కువ తగిలింది. "పెట్టెకు తగిలించిన కొమ్మను మళ్ళీ ఇందులోనే ముంచారు కదా. అంటే వాటికి రోజూ భోజనం తెచ్చిపెట్టారమ్మా. పీపాలో పురుగుల కుటుంబం పెరిగింది."

ఎంత భయపడితే అంత ముంచింది. ఎంత ముంచితే అంత పెరిగింది. ఇసో ఆ పీపా వంక చూస్తూ, ఇన్నాళ్ళూ తాను మొక్కింది దీనికా అనుకుంది.

కుమాకిచి గొంతు సవరించుకున్నాడు. "ఈ కొండకు సముద్రాన్ని కోడలిగా తెచ్చుకున్నాం. అది నాచును చూసి పుట్టిల్లనుకుంది. ఇందులో ఎవరినని ఏం లాభం" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. షిగెనో నవ్వలేదు. మా చేతులు పగిలేలా వండినవన్నీ నీ భక్తికి పోయాయా అక్కా, ఒక్క మాట మాతో అనలేకపోయావా అంది. ఆ మాట న్యాయమైనదే.

ఇంటికి వెళ్ళి అత్తగారి ముందు కూర్చుని చెప్పడం ఇంకా కష్టమైంది. తోమె గూటి ముందే ఉంది, కొత్తగా పెట్టిన అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. ఇసో పురుగుల గురించి, రసం గురించి, పీపా గురించి తనకు వచ్చినట్టు చెప్పింది. "అత్తయ్యా, మామయ్య ఏమీ తినలేదు. ఆయనకు ఆకలి లేదు. మీరు అన్నం తినండి" అంది.

తోమె బొమ్మ వంక చూసింది.

"అయితే ఆయన రానేలేదా?"

ఇసో ఉలిక్కిపడింది. ఆ ప్రశ్న తను ఎప్పుడూ వేసుకోలేదు. ఇన్నాళ్ళూ ఆయన కోపగించాడని వణికింది, అత్తగారు ఆయన ఆకలితో ఉన్నాడని కుమిలింది. ఇద్దరిలో ఎవరికీ ఆయన లేడన్న మాట తట్టలేదు. ఇప్పుడు తనే వచ్చి ఆ ముసలమ్మకు మొగుణ్ణి రెండోసారి పోగొట్టింది.

"రాలేదత్తయ్యా" అంది మెల్లగా.

తోమె గూట్లోంచి గిన్నె తీసింది. ఊరవేసిన కూరాకు దగ్గరికి లాక్కుని, ఒక్కో మెతుకూ నమిలి తినడం మొదలుపెట్టింది. తింటూ మధ్యలో ఆగి, ఆ పీపా పొలంలో పారబొయ్యకు, మంట మీద పెట్టి మరగనిచ్చి పారబొయ్యి అంది. పాకలోవాళ్ళెవరికీ అప్పటికి ఆ తెలివి రాలేదు.

పెట్టెలన్నీ బయటికి లాగి సలసలా మరిగే నీళ్ళు పోశారు, బూడిదనీళ్ళతో తోమారు, మళ్ళీ మరిగే నీళ్ళు పోశారు. కత్తులూ తెడ్లూ వడకట్టే గుడ్డలూ మరిగించారు. షిగెనో గొణుగుతూనే అందరికంటే గట్టిగా రుద్దింది. పక్కలోయకు పోయే మాట మళ్ళీ ఎత్తలేదు, ఉంటానని కూడా అనలేదు. ఆ పని జరుగుతుండగానే గాలి తిరిగింది. ఉత్తరం నుంచి ముక్కుపుటాలు అంటుకునేంత చలి దిగింది. ఇక వండితే ఇప్పుడే వండాలి.

కొత్త నాచు గంగాళంలో పడింది. తెల్లవారబోతుండగా రసం రంగు తిరగడం మొదలైంది. ఇసో తెడ్డు పట్టుకుని నిలబడింది. మెడ మీద ఆవిరి తగిలింది. ఈసారి తిరిగి చూసింది. వెనక గోడ, గోడకు వేలాడే బుట్టలు, అంతే. ఎవరూ లేరు. వెనక నిలబడి కాదనేవాడుంటే, అవునని కూడా వాడే అంటాడు. ఇప్పుడు కాదనేవాడూ లేడు, అవుననేవాడూ లేడు. రసం చిక్కబడుతోంది.

కుమాకిచి పొయ్యిగుంటలోంచి తలెత్తి చూశాడు. "మంట లాగెయ్యమంటావా అమ్మాయ్?"

"ఆగు బాబాయ్."

తెడ్డు ఎత్తింది. జారే రసాన్ని మంట వెలుగులో చూసింది. ఇంకా పలచన. మళ్ళీ ముంచి కలిపింది. షిగెనో గుడ్డలు పట్టుకుని వడకట్టడానికి నిలబడి, ఆమె ముఖంలోకే చూస్తోంది. ఆ చూపులో నమ్మకం లేదు, కాచుకోవడం ఉంది. కుమాకిచి పొయ్యిలోంచి కట్టెలు లాగడానికి వంగాడు. తెడ్డు మళ్ళీ ఎత్తినప్పుడు రసం దాని అంచున ఒక్క క్షణం నిలిచి, బరువుగా జారింది.

"తీసెయ్" అంది ఇసో. ఆ మాట మంట చప్పుడులో కలిసిపోయింది. మళ్ళీ అంది, ఈసారి అందరికీ వినపడింది. "తీసెయ్ బాబాయ్, చాలు."